తెలుగు వ్రాతలో వాక్యముల నడిమి ఎడము

1. ప్రస్తావన

ఒక వాక్యము ముగిసి వేరొక వాక్యము మొదలగు చోట అచ్చుపుటలో కొంత ఖాళీ విడుచుట నేడు అందరకును అలవాటైన పని. అలవాటైన దగుటచేతనే దానిని గూర్చి విచారించువారు తక్కువ. లిపి పరిణామమును గూర్చియు, అరసున్న శకటరేఫములను గూర్చియు మన పండితులు విరివిగా వ్రాసిరి. అక్షరము లేని చోటును గూర్చిన విచారమంత విరివిగా సాగలేదు. ఈ వ్యాసమున మేము ఆ ఖాళీ చోటును, అనగా వాక్యముల నడిమి ఎడమును, చరిత్రదృష్టితో పరిశీలింప నెంచితిమి.

ఈ ఎడమునకు మన భాషలో మూడు దశల చరిత్ర కలదు. మొదటి దశలో అది నోటికిని చెవికిని సంబంధించినది. వ్రాతలో దానికి గుర్తు అరుదు. రెండవ దశలో అచ్చు దానిని కంటికి కనబడునట్లు చేసినది. మూడవ దశలో, కంప్యూటరు కూర్పు వచ్చిన పిమ్మట, అది ఇతరాక్షరములవలె తానును ఒక సంకేతమైనది. ఈ మూడవ దశలో మనకొక చిక్కు వచ్చిపడినది. ఇంగ్లీషు వ్రాతనుండి మనము వాక్యాంతపు చుక్కను గ్రహించితిమి. చుక్క పిమ్మట వాక్యారంభమును తెలుపు పెద్ద బడి అక్షరమును గ్రహింపలేదు. గ్రహించుటకు మన లిపిలో వీలును లేదు. కావున వాక్యాంతపు చుక్కకును పొడి అక్షరముల చుక్కకును భేదము తెలుపుటకు తెలుగు పుటలో ఎడము తప్ప వేరొక బాహ్యచిహ్నము లేదు. ఈ సంగతి నెరుగని సాఫ్టువేరు చేతిలో ఆ ఒక్క చిహ్నమును చెడుచున్నది. మా ప్రతిపాదనము ఇంతమాత్రమే.

ఉదాహరణములకై దూరము పోనక్కర లేదు. హైదరాబాదు నగరమున తూర్పు దిక్కున ఒకదాని కొకటి చేరువనున్న మన్సూరాబాద్, దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ అను మూడు పేర్లు చాలును. మొదటి పేరులో రెండు మాటలు ఎడము లేకుండ కలిసిపోయినవి. రెండవదానిలో మాటలు కలిసియు కలియక నిలిచినవి. మూడవదానిలో చుక్కలు కలవు గాని వాక్యాంతము లేదు. ఈ మూడు పేర్లను తప్పు లేకుండ కూర్పగల సాఫ్టువేరు తెలుగు పుటను చాలవరకు చక్కగా కూర్పగలదు. ఈ పేర్లను గూర్చిన విచారమును మరల చేయుదుము. ముందుగా పూర్వచరిత్ర.

2. శిల, తాటియాకు

తెలుగుదేశమున దొరకిన మిక్కిలి ప్రాచీనములగు శాసనములలో కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడియందలి అశోకుని ధర్మలిపులు ముఖ్యములు. అందలి చిన్న శిలాశాసనమున కొన్ని పంక్తులు ఎడమనుండి కుడికిని, కొన్ని కుడినుండి ఎడమకును చెక్కబడినవి. చదువరికి పంక్తిమార్గమే స్థిరము కాని కాలమున మాటల నడిమి ఎడమును గూర్చి నియమముండునని ఎదురుచూడ రాదు. అయినను అశోకుని శాసనములలో కొన్నింట, ముఖ్యముగా స్తంభశాసనములయందు, కొన్ని పదముల గుంపునకు పిమ్మట బుద్ధిపూర్వకముగా విడిచిన ఖాళీలు కానవచ్చుచున్నవి. జర్మను పండితుడు యానెర్ట్ 1972లో ప్రకటించిన గ్రంథమున ఈ ఖాళీలనే ప్రత్యేకముగా పరిశీలించెను. రాజాజ్ఞను జనులకు చదివి వినిపించువాడు ఎచ్చట ఊపిరి తీయవలెనో ఆ ఖాళీలు తెలుపునని తలచుట సమంజసము. అట్లయిన మన దేశమున వ్రాతలోని ఎడము వ్యాకరణమునకంటె ముందుగా పఠనమునకు సేవ చేసినదనవలెను.

తెలుగు శాసనములలో ఈ ఆచారము నిలువలేదు. క్రీ.శ. 575 ప్రాంతమున కడపసీమలో వేయబడిన కలమళ్ళ శాసనము మొదలు అనేక శాసనములలో అక్షరములు ఎడతెగక సాగును. పద్యశాసనములయందును ఇంతే. 848 నాటి అద్దంకి శాసనమున తరువోజయు, యుద్ధమల్లుని బెజవాడ శాసనమున మధ్యాక్కరలును పద్యపాదములుగా విడదీయబడక రాతిపై వరుసగా సాగినవి. వీనిని పద్యములుగా గుర్తించుటకు పండితులకు తోడ్పడినవి యతిప్రాసములు, గణములు. ఇచ్చట గమనింపదగిన విశేష మొకటి కలదు. పద్యమునకు తన విరామమును తనలోనే ఇముడ్చుకొను శక్తి కలదు. పాద మెచ్చట ముగియునో ఛందస్సు చెప్పును. దానికి ఖాళీ అక్కరలేదు. గద్యమునకు ఆ శక్తి లేదు. తెలుగున గద్యము కంటె పద్యము హెచ్చుగా వెలసిన శతాబ్దములలో వాక్యాంతపు ఎడము కొరత పెద్దగా తెలియకపోవుటకు ఇది యొక కారణము కావచ్చును.

ఎడము లేమి వలన కలుగు చిక్కునకు 'నాగబు' శబ్దము ప్రసిద్ధోదాహరణము. అమరావతి శిలాశకలమున ఈ మాటను వేటూరి ప్రభాకరశాస్త్రిగారు గుర్తించి, మిక్కిలి ప్రాచీనమగు తెలుగు పదముగా చూపిరి. ఆ శిల తునుక యగుటచేత అది సంపూర్ణపదమా, ఏదేని పెద్ద పేరులోని మొదటి భాగమా యను సంశయము పిమ్మటి పండితులలో కలిగినది. పదాంతమును తెలుపు గుర్తు వాడుకలో నున్న లిపియైనచో ఈ చర్చకు ఇంత చోటు దొరకెడిది కాదు.

తాటియాకు ప్రతులలో ఖాళీలు లేకపోలేదు. అయితే వానిలో కంటికి మొట్టమొదట కనబడు ఖాళీ అర్థమునకు సంబంధించినది కాదు. త్రాడు దూర్చుటకై చేసిన రంధ్రము చుట్టును లేఖకుడు కొంత చోటు విడుచును; మాట నడుమనే రంధ్రము వచ్చినను మాటను అచ్చటనే విరిచి అవతల కొనసాగించును. పద్యము చివర ఒకటి రెండు నిలువు గీతలు గీయుట కలదు గాని గద్యమున వాక్యవాక్యమునకు గుర్తు పెట్టు ఆచారము కానరాదు. ప్రతిని చదువువాడు భాష తెలిసినవాడు, గురుముఖమున విన్నవాడు. విరామము వాని నోటిలోనే యుండెను.

3. వ్యాకర్తల దృష్టిలో విరామము

వ్రాతలో గుర్తు లేనంత మాత్రమున విరామమను భావము మన పూర్వులకు లేదనరాదు. పాణిని వర్ణముల అత్యంత సామీప్యమును సంహిత యనియు, వర్ణోచ్చారణ ఆగిపోవుటను అవసానమనియు వెనువెంటనే రెండు సూత్రములలో నిర్వచించెను. సంహిత యున్న చోట సంధి. అవసాన మున్న చోట సంధి లేదు. నేడు మనము అచ్చులో విడుచు ఎడము ఈ అవసానమునకు కంటిరూపమే.

తెలుగున ఈ విచారము మరింత చిక్కనిది. సంస్కృతమునకు భిన్నముగా మనకు ద్రుతమను నకారముతో పని కలదు. 'అన్న వచ్చెను', 'తమ్ముడు పోయెను' అను రెండు వాక్యములను గ్రహింతము. నడుమ విరామ మున్నచో 'అన్న వచ్చెను. తమ్ముడు పోయెను.' అని నిలుచును. విరామము లేదన్నచో 'అన్న వచ్చెం దమ్ముడు పోయెను' అని మారును. అనగా వాక్యాంతమున ఆగుట ఆగకపోవుట అను నిర్ణయము ముందు వాక్యపు చివరను మాత్రమే గాక వెనుక వాక్యపు మొదటి అక్షరమును గూడ మార్చును. తకారము దకారమగును. అచ్చు పరమైన చోట రెండు వాక్యములు ఒకే మాటయై పోవును: 'రాముడు వచ్చెను. అతడు కూర్చుండెను.' అనునది 'రాముడు వచ్చెనతడు కూర్చుండెను' అగును. ఇంగ్లీషులో చుక్కయు ఎడమును తీసివేసినను అక్షరములు చెక్కుచెదరవు. తెలుగు గ్రాంథికమున ఎడము తీసివేసిన అక్షరములే మారును.

కావున సంప్రదాయ వ్యాకర్తలు గద్యమున వాక్యావసానమందలి విసంధిని దోషముగా నెంచకపోవుట మిక్కిలి ప్రాముఖ్యము గల యనుమతి. అది వ్రాతలోని గుర్తులను గూర్చి చెప్పినది కాదు, ఉచ్చారణమును గూర్చినది. అయినను వాక్యమునకు తనదైన హద్దు కలదనియు, ఆ హద్దున సంధి యాగవచ్చుననియు అది అంగీకరించినది. అచ్చు వచ్చిన పిమ్మట చుక్కకును ఎడమునకును చోటు దొరకుటకు భూమిక ఈ యనుమతియే యని మా యభిప్రాయము.

సంధి లేని చోటను గుర్తు అవసరమే. తెలుగులో క్రియ పిమ్మట మాటలు వచ్చుట కలదు. 'వారు రాలేదు నిన్న కలిసిన వారితో మాటాడితిమి' అను వరుసలో చుక్క ఎచ్చట పెట్టవలెను? 'రాలేదు' పిమ్మట పెట్టిన నిన్న కలిసినవారితో మాటాడినట్లు అర్థము. 'నిన్న' పిమ్మట పెట్టిన నిన్న వారు రాలేదని అర్థము. వినువానికి స్వరము తెలుపును. చదువువానికి ఎడము తెలుపవలెను.

4. అచ్చు తెచ్చిన మార్పు

తెలుగు అచ్చు మన దేశమున పుట్టలేదు. బెంజమిన్ షుల్జ్ 1746–47లో జర్మనీయందలి హాలె పట్టణమున తెలుగు పుస్తకములు అచ్చొత్తించెను. తరువాత వంగదేశమున శ్రీరామపురపు మిషను ముద్రాలయము ఈ పనికి పూనుకొన్నది. 1812 మార్చిలో అచ్చట అగ్నిప్రమాదమున అనేక భాషల అచ్చులు కరగిపోయినను, 1814లో విలియం కేరీ తెలుగు వ్యాకరణము వెలువడినది. చెన్నపట్టణమున క్యాంబెల్ వ్యాకరణము 1816లో ప్రకటితమైనది. సి.పి. బ్రౌను వేమన పద్యములు 1829లోను, తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లోను వెలువడినవి. ఈ పుస్తకములలో పెక్కింట తెలుగును ఇంగ్లీషును ఒకే పుటలో పక్కపక్కన నిలిచినవి. కూర్పు పద్ధతియు ఒక్కటే కావలసి వచ్చినది. హిందీ అచ్చు వాక్యాంతమున నిలువు గీతను నిలుపుకొనగా తెలుగు అచ్చు చుక్కను గ్రహించుటకు ఇంగ్లీషు కూర్పుతోడి ఈ సాంగత్యము ముఖ్యకారణమని తోచుచున్నది.

ఎడము స్వభావము అచ్చుతో పూర్తిగా మారినది. చేతివ్రాతలో ఖాళీ యనగా ఏమియు వ్రాయకుండుట. సీసపు అచ్చులో ఖాళీ యనగా ఒక లోహపు ముక్క. కంపోజిటరు కేసులోనుండి అక్షరమును తీసినట్లే స్పేసును తీసి స్టిక్కులో పెట్టవలెను. పంక్తి చివర మిగిలిన చోటును క్వాడ్లతో నింపవలెను. అక్షరము కంటె కొంచెము పొట్టిగా నుండుటచేత ఆ ముక్క సిరా నంటదు, కాగితమును తాకదు. ఏమియు లేకపోవుట కాక, లెక్కింపదగిన ఒక వస్తువుగా ఎడము మారుట మొదటిసారి ఇచ్చటనే.

ఆ వస్తువునకు కొలతలును ఉండెను. 19వ శతాబ్దపు ఇంగ్లీషు కూర్పరులు మాటల నడుమ ఎమ్ములో మూడింట ఒక వంతు స్పేసును, వాక్యముల నడుమ అంతకంటె వెడల్పైనదానిని, తరచుగా సంపూర్ణమైన ఎమ్ము క్వాడును, పెట్టుచుండిరి. 20వ శతాబ్ది తొలినాళ్ళ షికాగో విశ్వవిద్యాలయ ముద్రాలయపు నియమావళియందును వాక్యాంతమున ఎమ్ము క్వాడు పెట్టు పద్ధతియే కానవచ్చును. ఫ్రెంచి ముద్రాపకులు వాక్యాంతమున గూడ మాటల నడిమి ఎడమునే ఉంచుచు వచ్చిరి. తరువాత ఇంగ్లీషు పుస్తకముద్రణము సైతము ఈ రెండవ మార్గమునకే చేరినది. మన చెన్నపట్టణపు ముద్రాలయములు పనిని నేర్చినది వెడల్పు ఎడముల కాలమున.

తెలుగు గద్యము అదే కాలమున అచ్చెక్కినది. చిన్నయసూరి నీతిచంద్రిక 1853లోను, బాలవ్యాకరణము 1858లోను వెలువడినవి. వావిళ్ళ రామస్వామిశాస్త్రులవారు 1854లో చెన్నపట్టణమున ముద్రాలయమును స్థాపించిరి. సూరి గద్యమున సంధి ప్రౌఢముగా సాగును. చదువరి పదచ్ఛేదము చేసికొనుచు పోవలెను. సంధి బలముగా నున్న గద్యమున ఎడమునకు స్థలము తక్కువ. కందుకూరి వీరేశలింగముగారు 1874లో వివేకవర్ధనిని స్థాపించి, రాజశేఖరచరిత్రాదులను వ్రాయు కాలమున గద్యమందలి సంధినియమములను సడలించిరి. దీనిని శైలీసంస్కారముగనే సాహిత్యచరిత్రకారులు చెప్పుచున్నారు. అది పుటారూపమునందును సంస్కారమే. ఒక్కొక్క సంధిని విడిచినపుడెల్ల కంపోజిటరు ఒక్కొక్క స్పేసును పెట్టగల్గెను. పత్రిక చదువు సామాన్యునకు ఆ స్పేసు వ్యాకరణపాండిత్యమునకు బదులుగా పనిచేసినది.

గురజాడ కన్యాశుల్కము 1897లో అచ్చుపడుటయు, 1914లో ఆయన అసమ్మతిపత్రమును సమర్పించుటయు, గిడుగు రామమూర్తిగారు 1919లో 'తెలుగు' పత్రికను నడపుటయు వ్యావహారికోద్యమ చరిత్రలో అందరు నెరిగిన ఘట్టములు. ఆ ఉద్యమ ఫలముగా వాక్యాంత సంధి వాడుకనుండి తొలగినది. అంతవరకు వ్యాకర్తల యనుమతిపై నిలిచిన ఎడము వ్యావహారికమున సహజమైనది. నేటి తెలుగు పుటలో ప్రతి వాక్యము పిమ్మటను ఖాళీ యుండుట భాషావాదము సాధించిన ఫలములలో నొకటి.

హైదరాబాదు సంస్థానమున ఈ కథ కొంత భిన్నముగా సాగినది. 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయమును, 1906లో విజ్ఞానచంద్రికామండలియు స్థాపితములైనవి. 1926లో సురవరము ప్రతాపరెడ్డిగారి గోలకొండ పత్రిక వెలువడినది. అప్పటి రాజభాష ఉర్దూ. ఉర్దూ ముద్రణము పెక్కుకాలము కాతిబుల చేతివ్రాతను రాతిపై నెక్కించు పద్ధతిపై నడిచినది. అందు ఎడము లేఖకుని చేతిలోనిది, లోహపు ముక్క కాదు. ఉర్దూలో వాక్యాంతపు గుర్తు చుక్క కాదు, చిన్న అడ్డగీత. ఒకే నగరమున తెలుగు చుక్క, ఉర్దూ అడ్డగీత, హిందీ నిలువు గీత, ఇంగ్లీషు చుక్కయు పెద్ద బడియు కలిసి మెలగినవి. ఇట్టి నగరమున చదువరి కన్ను ఏ ఒక్క పద్ధతికిని కట్టుబడి యుండదు. వాక్యాంతమును స్పష్టముగా చూపు బాధ్యత ముద్రాపకునిపై హెచ్చుగా పడును.

5. టైపుయంత్రము

టైపుయంత్రముపై ఎడము మరల మారినది. కంపోజిటరు కేసులో పలు వెడల్పుల స్పేసులుండగా యంత్రముపై ఒకే వెడల్పు గల మీట ఒక్కటే మిగిలినది. ఎక్కువ ఎడము కావలెనన్న ఆ మీటను రెండుమారులు కొట్టుట తప్ప వేరు మార్గము లేదు. ఇంగ్లీషు టైపు నేర్పువారు చుక్క పిమ్మట రెండు ఖాళీలు కొట్టవలెనని బోధించుట ఇందుచేతనే. లోయరు, హయ్యరు పరీక్షలకు టైపు ఇన్‌స్టిట్యూట్లలో నేర్చుకొన్నవారు ఈ అలవాటును వ్రేళ్ళ కొనలందు నిలుపుకొనిరి. ఆంధ్రప్రదేశమున 1966లో అధికారభాషాచట్టము వచ్చిన పిమ్మట కార్యాలయములలో తెలుగు టైపునకు ప్రాధాన్యము కలిగినపుడు ఇంగ్లీషు టైపు నేర్చిన చేతులే తెలుగు మీటలపైకి వచ్చినవి. అలవాటును వానితోపాటే వచ్చియుండును. కంప్యూటరు వచ్చినపుడు ఆ చేతులు మరల దానిపైకి సాగినవి. నేటికిని పరిశోధకుల సిద్ధాంతవ్యాసములలో కొన్ని పుటలందు చుక్క పిమ్మట రెండు ఖాళీలు, కొన్నింట ఒకటి, కొన్నింట చుక్కకు ముందొకటి వెనుకొకటి కానవచ్చుటకు మూలమిదియే.

ఈ చిక్కు మనకు మాత్రమే కలిగినది కాదు. అమెరికా మనశ్శాస్త్ర సంఘము 2009 నాటి తన రచనానియమావళిలో చిత్తుప్రతులకు రెండు ఖాళీలను సూచించి, 2019 ముద్రణమున ఒక్కదానికే మరలినది. 2020లో మైక్రోసాఫ్టువారి వర్డు సాఫ్టువేరు రెండు ఖాళీలను తప్పుగా గుర్తించుట మొదలుపెట్టినది.

6. కంప్యూటరు కూర్పు

కంప్యూటరుపై వాక్యాంతపు ఎడమును శాస్త్రీయముగా నిర్వచించిన తొలి కూర్పు సాఫ్టువేర్లలో డొనాల్డ్ క్నూత్ స్టాన్ఫర్డు విశ్వవిద్యాలయమున 1978 ప్రాంతమున రూపొందించిన టెక్ ప్రముఖము. సీసపు కూర్పరుల వెడల్పు ఎడమును క్నూత్ గణితరూపమున మరల నిలిపెను. ఆయన పది పాయింట్ల రోమను అక్షరమున మాటల నడిమి ఎడము 3.33 పాయింట్లు, అనగా పాత కూర్పరి ఎమ్ములో మూడింట ఒక వంతే. వాక్యాంతమున దీనికి మరి 1.11 పాయింట్లు చేరును. అంతేకాదు. పంక్తిని రెండంచులకు సరిపుచ్చుటకై ఖాళీలను సాగదీయవలసినపుడు చుక్క పిమ్మటి ఖాళీ మాటల నడిమి ఖాళీకంటె మూడురెట్లు సాగును. కుదింపవలసినపుడు మూడవ వంతే కుదియును.

మరి ఈ చుక్క వాక్యాంతపు చుక్కయా, పొడి అక్షరపు చుక్కయా యని టెక్ ఎట్లు గ్రహించును? ఉపాయము సులభమైనది. చుక్కకు ముందున్నది పెద్ద బడి అక్షరమైనచో అది పొడి అక్షరమని తలచి ఎక్కువ ఎడము నీయదు. ముందున్నది చిన్న బడి అక్షరమైనచో వాక్యాంతమని తలచి ఇచ్చును. ఇంగ్లీషునకు ఇది చాలవరకు సరిపోవును. తెలుగునకు సరిపోదు. మన లిపిలో పెద్ద బడి చిన్న బడి భేదము లేదు. వేరుగా చెప్పనంతవరకు ఈ నియమమునకు తెలుగు అక్షరములన్నియు చిన్న బడివే. కావున 'ఎల్. బి. నగర్' అని ఖాళీలతో వ్రాసినచో టెక్ దృష్టిలో అవి రెండు వాక్యాంతములు, 'సి. పి. బ్రౌన్' అన్నను అంతే. తెలుగు మాటలు సంధిసమాసములచేతను ప్రత్యయములచేతను దీర్ఘములగుటవలన పంక్తిలో మాటలు తక్కువ, ఖాళీలు తక్కువ. సాగవలసిన భారమంతయు ఆ కొద్ది ఖాళీలపై పడును. అట్టి వదులు పంక్తిలో మూడురెట్లు సాగు చుక్క ఖాళీ పేరును నడుమ చీల్చినట్లు చూపును. దీనికి విరుగుడు టెక్‌లోనే కలదు. ఫ్రెంచి ఎడమను పేర నున్న ఆజ్ఞ నిచ్చిన అన్ని ఖాళీలును సమానమగును. అయితే ఆ ఆజ్ఞ తెలుగునకు అవసరమని తెలిసినవారే దాని నిత్తురు.

తెలుగున హెచ్చుగా వ్యాపించిన మార్గము వేరు. పేజిమేకరు వంటి సాఫ్టువేరుతో అను ఫాంట్లను జోడించి పనిచేయు డి.టి.పి. కేంద్రములు రెండు తెలుగు రాష్ట్రములలోను పుస్తకముల కూర్పును చేపట్టినవి. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరముల ఖండములు ఇంగ్లీషు అక్షరముల సంకేతస్థానములలో కూర్చబడినవి. కంటికి తెలుగు, యంత్రమునకు అర్థములేని ఇంగ్లీషు. అట్టి యంత్రము తెలుగు మాట నెచ్చట విరువవచ్చునో ఎరుగదు. విరువలేనపుడు ఖాళీలను సాగదీయును. పుట మధ్య తెల్లని కాలువలు పారినట్లుండు పంక్తులకు కారణమిది.

1991లో వెలువడిన యూనికోడు తొలి ప్రమాణమున తెలుగునకు తన స్థానములు లభించినవి. అందు రెండు విశేషములు మన విషయమునకు సంబంధించినవి. మొదటిది: నిలువు గీతలకు తెలుగు విభాగమున స్థానము లేదు. దేవనాగరి విభాగమందలి గీతలనే భారతీయ లిపులన్నియు వాడుకొనవలెను. రెండవది: వెడల్పు లేని ఎడము. ఇది చోటు నాక్రమింపదు; ముందున్న పొల్లు హల్లు వెనుకటి హల్లుతో కలిసి వత్తు కాకుండ ఆపును. పూర్వపు వ్యాకర్త నోటిలో ఆపిన సంధిని ఇది కంటిలో ఆపునని చెప్పవచ్చును.

7. మూడు పేర్లు

ఇప్పుడు ముందు చెప్పిన మూడు పేర్లను గ్రహింతము. మన్సూరాబాద్ అనునది మన్సూర్, ఆబాద్ అను రెండు మాటల కలయిక. ఉర్దూ వ్రాతలో 'రే' అక్షరము తన పిమ్మటి అక్షరముతో కలియదు గనుక రెండు భాగములును కంటికి విడివిడిగనే తోచును. తెలుగులో హల్లుకు అచ్చు పరమైనది. రేఫము ఆకారముతో కలిసి 'రా' అయినది. అరబ్బీ, పారసీక పదములు రెండును తెలుగు నోట సహజముగా అతికినవి. ఇచ్చట ఎడము అక్కరలేదు, పెట్టినచో తప్పు.

దిల్‌సుఖ్‌నగర్ అట్లు కాదు. దిల్ పిమ్మట సకారము, సుఖ్ పిమ్మట నకారము. హల్లునకు హల్లు పరమైనది. ఏ గుర్తును లేకుండ మీటలను వరుసగా కొట్టినచో 'దిల్సుఖ్నగర్' అని వత్తులు పడును. దీనిని తప్పించుటకు కొందరు మాటల నడుమ ఖాళీలు పెట్టి 'దిల్ సుఖ్ నగర్' అని మూడు మాటలు చేయుదురు. అప్పుడు పంక్తి చివర దిల్ ఒక పంక్తిలోను, నగర్ వేరొక పంక్తిలోను పడవచ్చును. వెడల్పు లేని ఎడమును వాడినచో పేరు ఒక్కటిగనే నిలిచి, అక్షరములు విడిగా నిలుచును. ఒకే పేరు నాలుగు విధముల వ్రాయబడినపుడు వెదకువానికి ఒక్క విధమే దొరకును. తక్కిన మూడును పుస్తకములో నుండియు లేనట్లే.

ఎల్.బి.నగర్ అనునది లాల్ బహదూర్ నగర్. లాల్ బహదూర్ శాస్త్రి పేరిట ఏర్పడినది. ఇందలి చుక్కలు వాక్యాంతములు కావు. పాఠమును వాక్యములుగా విభజించు యంత్రము చుక్కయు ఎడమును కనబడినచోట నెల్ల వాక్యము ముగిసినదని తలచినచో, 'ఎల్. బి. నగర్ వరకు మెట్రో 2018లో వచ్చినది' అను ఒక్క వాక్యము మూడగును. అంధులకు పాఠమును చదివి వినిపించు సాఫ్టువేరు 'ఎల్' వద్ద నొకసారి, 'బి' వద్ద నొకసారి ఆగవచ్చును. అశోకుని కాలమున ఊపిరికై విడిచిన ఎడము మరల వినుటకే ఉపయోగపడుచున్నది. కాని తప్పు చోట.

8. ఉపసంహారము

దీనిని అచ్చుపనివారి చిన్న సమస్యగా భావింపరాదు. నేడు మన విశ్వవిద్యాలయములలో ప్రాచీన గ్రంథములు కంప్యూటరు పాఠములుగా మారుచున్నవి. రేపటి నిఘంటువులు, పదసూచికలు, వ్యాకరణ పరిశోధనలు ఆ పాఠములపై నిలుచును. 1853 నాటి పుటలో సంధి చేసి కలిపిన చోట నేటి కూర్పరి సౌకర్యమునకై ఎడము పెట్టినను, ఎడమున్న చోట తీసినను, వీరేశలింగముగారి సంస్కారమునకు ముందెట్లుండెను వెనుకెట్లుండెను అను ప్రశ్నకు సాక్ష్యము చెడును. 'దమ్ముడు' అని యున్నదానిని చెప్పకుండ 'తమ్ముడు' అని దిద్దినవాడు ఒక అక్షరమును మాత్రమే మార్చినవాడు కాడు. ఆ గ్రంథకర్త అచ్చట ఆగెనా లేదా యను సంగతిని మరుగుపరచినవాడగును.

కావున పరిశోధకులకును అధ్యాపకులకును మేము సూచించునది ఇది. టైపు చేయువారు వాక్యాంతమున చుక్కను మాటకు అంటించి, పిమ్మట ఒక్క ఖాళీ మాత్రమే పెట్టవలెను. దాని వెడల్పును నిర్ణయించుట కూర్పు సాఫ్టువేరు పని; మీటను రెండుమారులు కొట్టి నిర్ణయింపరాదు. తెలుగునకు అన్ని ఎడములును సమానముగా నుంచు పద్ధతియే మేలు. పొడి అక్షరముల నడుమ ఖాళీ పెట్టరాదు; పొడి అక్షరములకును పేరునకును నడుమ కావలెనన్న పంక్తి విరువని ఖాళీని వాడవలెను. పొల్లు హల్లులను విడదీయుటకు సాధారణపు ఖాళీ గాక వెడల్పు లేని ఎడమునే వాడవలెను. ప్రాచీనగ్రంథములను పరిష్కరించువారు మూలమందలి చుక్కలను, గీతలను, ఎడములను యథాతథముగా గుర్తించి, తాము చేర్చినవానిని వేరుగా చూపవలెను. ఏ పద్ధతి ననుసరించిరో పీఠికలో రెండు వాక్యములలో చెప్పినను చాలును.

అక్షరమును దిద్దునపుడు మనము చూపు శ్రద్ధలో కొంత అక్షరము లేని చోటునకును చూపవలసియున్నది. పాణిని దానికి పేరు పెట్టెను; కంపోజిటరు దానికి రూపమిచ్చెను. దాని నెచ్చట నుంచవలెనో యంత్రమునకు చెప్పవలసినవారు తెలుగు తెలిసినవారే.